పాటకు భక్తి ఒక్కటే చాలదు



డిసెంబరు వచ్చిందంటే మండపేట చుట్టుపక్కల పేటల్లో తెల్లవారుజామునే మైకులు మోగుతాయి. ఈమధ్య వస్తున్న క్రైస్తవ గీతాల్లో చాలావాటి బాణీ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. కాస్త ఆలోచిస్తే ఏ సినిమా పాటో గుర్తొస్తుంది. మాటలూ అంతే. యేసు పేరు తీసేసి అమ్మాయి పేరు పెడితే యుగళగీతం అయిపోతుంది. ఈ మాట పైకి అంటే పెద్దలకు కోపం. "దేవుడి పాటకు వంకలు పెడతారేంట్రా? భక్తి ఉంటే చాలదా?" అంటారు.

చాలదని మా అభిప్రాయం.

మా ఇళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదలు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న పుస్తకాలు రెండే: బైబిలు, పాటల పుస్తకం. అమ్మకు అక్షరం రాదు. అయినా ఊడ్పుల్లో నడుము వంచి నాట్లు వేస్తూ కీర్తన మొత్తం నోటికి పాడేది. ఏ చరణమైనా మరిచిపోతే ఇంటికొచ్చి మాచేత చదివించుకునేది. ఒత్తులు, సంయుక్తాక్షరాలు మాకు అలాగే పట్టుబడ్డాయి. ఆ పాటల పుస్తకమే మా పెద్దబాలశిక్ష. అందులో మాటలు పలచనైతే మన వెనక వచ్చే పిల్లల తెలుగూ పలచనవుతుంది. మా బాధ అదీ.

పాతవన్నీ బంగారమని మేము అనం. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి కవుల రచనలున్న 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ కట్టుబాటు వల్లే చదువురాని నోళ్ళలో కూడా అవి చెడకుండా నిలిచాయి. కానీ సంస్కృత పదాలు ఎక్కువ. అమ్మ పాడిన చాలా మాటలకు అర్థం అమ్మకు తెలియదు. మాకూ ఎం.ఏ.కి వచ్చాకే తెలిసింది.

సినిమా అంటే మాకు చులకనా లేదు. 1978లో వచ్చిన 'కరుణామయుడు'లో మోదుకూరి జాన్సన్ రాసిన కరుణరథం పాటను క్రైస్తవులు కానివారు కూడా పాడుకుంటారు. అది అరువు బాణీకి అతికించిన పాట కాదు, ఆ సన్నివేశం కోసం పుట్టిన పాట. జాషువాగారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అది భక్తికి వేసిన మార్కు కాదు, కవిత్వానికి దక్కిన గౌరవం.

మరో మాట చెప్పక తప్పదు. "చావుకు కొట్టే డప్పు దేవుడి గుళ్ళో ఎందుకు?" అని మా పేటలో పెద్దలు దాన్ని గుమ్మం బయటే ఉంచారు. ఆ సిగ్గు వాళ్ళ తప్పు కాదు. ఊరు పెట్టిన అవమానం అది. కానీ ఈరోజు అదే దరువు కీబోర్డులో మీట నొక్కితే వస్తోంది, మనమందరం లేచి చప్పట్లు కొడుతున్నాం. యంత్రంలోంచి వస్తే సంగీతం, తాత చేతిలోంచి వస్తే చిన్నతనమా?

ఇప్పుడు కూడా మంచి పాటలు రాసేవారు ఉన్నారు. వాళ్ళను వెతుక్కుని విందాం. తమ్ముళ్ళకు మా మనవి ఒక్కటే. ఈసారి హాస్టల్ క్రిస్మస్‌కు సెల్‌ఫోన్‌లో ట్రాక్ పెట్టి దాని మీద పాడకండి. మీరే నాలుగు చరణాలు రాయండి. అమ్మ నాట్లు, నాన్న మిల్లులో మోసిన బస్తాలు, మన ట్రంకుపెట్టె అందులోకి రానివ్వండి. పక్కన ఒకరిని డప్పు పట్టమనండి. వేరే మతం తమ్ముళ్ళు కూడా గొంతు కలుపుతారు. తప్పులు వస్తే రానివ్వండి, దిద్దుకోవచ్చు. అవి మన సొంత తప్పులు.

ఆలోచించండి మిత్రులారా!

— ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ.