అందరా, కొందరా, ఎందరు?

ఇటీవల సూర్యాపేటలో ఒక యువ దంపతులకు అద్దె ఇల్లు చూసిపెట్టేందుకు మేమూ వెంట వెళ్ళాము. ఇంటి యజమాని ఆదరంగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చివరకు అసలు మాట చెప్పారు: "సాయిబులకు ఇవ్వడం లేదండీ, ఇల్లు పాడు చేస్తారు." ఎందరు పాడు చేశారని అడిగాము. మునుపు ఒక కుటుంబం గోడల నిండా మేకులు కొట్టి వెళ్ళిందట. మా ముఖాలు చూసి కాబోలు, "మీరు వేరు లెండి, అందరిలాంటి వారు కారు" అని ఓదార్చారు కూడా.

ఆ ఓదార్పే మమ్మల్ని ఎక్కువగా బాధించింది. మేకులు కొట్టిన ఒక్క కుటుంబం సముదాయానికంతటికీ నిదర్శనమైంది. ఎదుట కూర్చున్న మేము మాత్రం మినహాయింపులమయ్యాము. ఇక మాలాంటి వారు వందమంది ఆ గడప తొక్కినా వందమందీ మినహాయింపులే అవుతారు గాని, ఆ మాట మాత్రం చెక్కుచెదరదు.

"అందరూ" అనిగాని "కొందరు" అనిగాని చెప్పని వాక్యాలకు ఈ గుణం ఉన్నది. కోళ్ళు గుడ్లు పెడతాయంటాము. పుంజులు పెట్టవని ఎవరూ వాదానికి రారు. దోమలు మలేరియా తెస్తాయంటాము; తెచ్చేది ఆడ దోమలలో ఒక జాతి, అందులోనూ కొన్నే. అయినా ఆ మాట అబద్ధమనిపించదు. భయం కలిగించే సంగతి అయినప్పుడు నాలుగు ఉదాహరణలే చాలుననిపిస్తుంది. దోమల విషయంలో అది జాగ్రత్త. మనుషుల విషయంలో అన్యాయం. పైగా ఎవరైనా నిలదీస్తే "నేను అందరూ అన్నానా?" అని తప్పించుకునే వీలు కూడా అందులోనే ఉన్నది. చెప్పేటప్పుడు అందరికీ తగిలేటట్లు చెప్పి, జవాబు అడిగినప్పుడు కొందరి వెనుక దాగుతారు.

మా ప్రాంతంలో దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. రజాకార్లు ముస్లింలు అన్న మాటను తిరగవేసి ముస్లింలు రజాకార్లు అనడం నేటికీ వింటున్నాము. రజాకార్ల ఆగడాలను వ్రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? ఆ తర్వాత నాలుగేళ్ళకే, 1952 ఉప ఎన్నికలో, ఇటు కోదాడకూ అటు మిర్యాలగూడకూ నడుమనున్న హుజూర్‌నగర్ ప్రజలు మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపారు. గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజులలోనే వారు మనిషిని మనిషిగా చూడగలిగారు.

అయితే ఈ తప్పు ఎదుటివారిదే అనుకుంటే మనల్ని మనమే మోసగించుకున్నట్లు. "ఆఫీసుల్లో మనవాళ్ళ పని చేయరు" అని మనమూ అంటూనే ఉంటాము. జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మాకు ఆ మాట వింటే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. ఏ దరఖాస్తు, ఏ తేదీన ఇచ్చారు, ఎవరి బల్ల మీద ఆగింది అని అడిగితే చాలామంది దగ్గర రసీదైనా ఉండదు. నిజంగా వివక్ష జరిగిన చోట కూడా రుజువు లేక ఓడిపోతున్నది ఇందుకే.

ఇంతకన్నా ఖరీదైన మాట "ముస్లింలకు నాలుగు శాతం ఉన్నది" అనేది. ప్రత్యర్థులు దీనిని మతప్రాతిపదిక రిజర్వేషన్ అనడానికి వాడుకుంటారు. మనవాళ్ళు ధీమాగా నిద్రపోవడానికి వాడుకుంటారు. ముస్లింలందరినీ ఒకే తరగతిగా తీసుకుని 5 శాతం ఇచ్చిన 2005 నాటి ప్రయత్నం హైకోర్టులో నిలువలేదు. 2007 చట్టం 14 సమూహాలను గుర్తించి 4 శాతం ఇచ్చింది. 2010లో హైకోర్టు దానినీ కొట్టివేయగా, ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. ఆ జాబితాలో షేకులు, ఖురేషీలు, అత్తరు సాయిబులు, ఫకీర్లు మొదలైనవారున్నారు. సయ్యదులు, పఠాన్‌లు, మొగలులు లేరు. దూదేకుల వారిది బి.సి.–బి, మెహతర్లది బి.సి.–ఎ. అంటే "ముస్లింలు బి.సి.–ఇ" అన్న వాక్యం పైనుంచీ తప్పే, క్రింది నుంచీ తప్పే.

కోదాడలో ఒక పఠాన్ తండ్రి ఆ వాక్యాన్నే నమ్మి, కుమారుని ఇంజనీరింగు ప్రవేశానికి బి.సి.–ఇ పత్రం కోసం నెల రోజులు తిరిగాడు. దరఖాస్తు తిరస్కరించారు. మావాళ్ళంటే చులకన కాబట్టే ఇవ్వలేదని అతడు అందరితో చెప్పుకున్నాడు. నిజానికి అతని ఆదాయానికి ఆర్థికంగా బలహీన వర్గాల 10 శాతం కోటా వర్తించేది. ఆ సంగతి మా దాకా వచ్చేసరికి గడువు ముగిసింది. పిల్లవాడు ఇప్పుడు పూర్తి ఫీజు కట్టి చదువుతున్నాడు. తండ్రి తన సరకుల ఆటో అమ్మివేశాడు.

అప్పటినుంచి మిర్యాలగూడలోనూ, కోదాడలోనూ జుమా నమాజు తర్వాత ఒక గంట సేపు బల్ల వేసుకుని కూర్చుంటున్నాము. వచ్చినవారిని మొదట "మీరు ముస్లింలలో ఎవరు?" అని అడుగుతున్నాము. కొందరు నొచ్చుకుంటారు, మనలో ఈ తేడాలేమిటని కసురుకుంటారు. మసీదులో లేని తేడా దస్త్రంలో ఉన్నదని చెప్పి, తండ్రి టి.సి., పాత పత్రాలు తెమ్మంటున్నాము. తెచ్చిన ప్రతి దరఖాస్తుకూ నకలు, రసీదు సంఖ్య మా పుస్తకంలో ఎక్కిస్తున్నాము. రేపు ఎవరైనా "మనవాళ్ళకు ఇవ్వడం లేదు" అన్నప్పుడు, ఎందరికి, ఏ కారణం చూపి ఇవ్వలేదో ఆ పుస్తకం తెరిచి అధికారి ముందు పెడతాము.