అడగడం మానేసిన ప్రశ్నలు

నీరా మాథుర్ కేసు మనలో పాత కార్యకర్తలకి గుర్తుండే ఉంటుంది. 1989లో ఢిల్లీలో ఎల్.ఐ.సి. అసిస్టెంటు ఉద్యోగానికి రాతపరీక్ష, ఇంటర్వ్యూ రెండూ నెగ్గిన ఆమె చేత ఒక డిక్లరేషన్ నింపించారు. ఆఖరుసారి బహిష్టు ఎప్పుడయింది, నెలనెలా సక్రమంగా అవుతుందా, ఎన్ని కాన్పులు, ఎన్ని గర్భస్రావాలు - ఇవీ అందులోని గడులు. చేరిన కొన్ని నెలలకి ఆమె ప్రసూతి సెలవు పెట్టింది. సెలవులో ఉండగానే, డిక్లరేషన్‌లో తప్పు తేదీ రాసిందని ఉద్యోగం తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. స్త్రీలని ఇబ్బంది పెట్టే, అవమానపరిచే ఆ గడులు ఫారంలోంచి తీసెయ్యమని కూడా చెప్పింది.

ఆమె గెలవగలిగింది, ఎందుకంటే ఆమెకి జరిగిన అన్యాయం కాగితం మీద ఉంది. 1979లో సి.బి. ముత్తమ్మ నిలదీసిన విదేశాంగ శాఖ నియమం (ఆడ అధికారి పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి) కూడా అచ్చులో ఉన్నదే. మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోతుందన్న ఎయిర్ ఇండియా నిబంధన, 1981లో కోర్టు కొట్టేసింది, అదీ రాసి ఉన్నదే. యజమాని తన పితృస్వామ్య భావాన్ని దాచుకోవలసిన అవసరం లేకుండా నియమంగా రాసుకున్నాడు కాబట్టి మనం దాన్ని పట్టుకుని కోర్టుకెక్కగలిగాం.

ఇప్పుడు ఆ ప్రశ్నలు పెద్ద కంపెనీల ఫారాల్లో కనపడవు. మన పోరాటం వల్లే పోయాయని సంతోషించే ముందు అమీర్‌పేట హాస్టళ్ళలో కంప్యూటర్ కోర్సులు చేస్తూ ఉద్యోగాలు వెతుక్కుంటున్న అమ్మాయిలతో కాసేపు మాట్లాడాలి. వాళ్ళలో ఒకామె, బిడ్డ పుట్టాక మూడేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ప్రయత్నిస్తున్న ఆమె, నాతో అన్న మాట ఇది: "పెళ్ళయిందా, పిల్లలున్నారా అని ఎవరూ అడగలేదు మేడమ్. అసలు ఎవరూ ఏమీ అడగలేదు. అప్లై చేస్తాను. జవాబు రాదు. అంతే."

అడగనక్కర లేకుండానే తెలిసిపోతోంది మరి. బయోడేటాలో ఫోను నంబరు ఉంటుంది. ఆ నంబరు సేవ్ చేసుకుంటే చాలామందికి వాట్సాప్ ఫోటో కనిపిస్తుంది. అందులో చంకలో పిల్ల. ఫేస్‌బుక్‌లో పెళ్ళిరోజు, ఊరు, ఇంటిపేరు, ఇంటిపేరు వెంట చాలాసార్లు కులం. ఏ పండగ చేసుకుంటుంది, ఏ సభకి వెళ్ళింది, ఏ పోస్టుకి లైక్ కొట్టింది, అన్నీ అక్కడే. పూర్వం ఇంటర్వ్యూ బోర్డు పది నిమిషాలు ఇబ్బంది పడుతూ రాబట్టే సంగతులు ఇప్పుడు కుర్చీలోంచి లేవకుండా చూడవచ్చు. చూసినట్టు ఆనవాలు కూడా మిగలదు.

మనిషి చూడకపోయినా యంత్రం చూస్తుంది. వేల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వచ్చి పడినప్పుడు వాటిని సాఫ్ట్‌వేరే జల్లెడ పడుతుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి అమెరికా, బ్రిటన్, జర్మనీ దేశాల కంపెనీలని విచారించి 2021లో ఒక నివేదిక ఇచ్చాయి. ఉద్యోగం లేకుండా ఆరు నెలలకి మించి ఖాళీ ఉన్న బయోడేటాలని దాదాపు సగం కంపెనీలు పక్కన పెడుతున్నాయని అందులో తేలింది. ఆరు నెలలు! బిడ్డకి ఆరు నెలలు తల్లిపాలే పట్టమని మన ప్రతి అంగన్‌వాడీలోనూ చెప్తారు. పాలిచ్చి, తర్వాత బిడ్డని చూసే దిక్కులేక మరో ఏడాది ఇంట్లో ఉండిపోయినామె ఈ జల్లెడలో ఎక్కడ తేలుతుందో వేరే చెప్పాలా? ఆ నియమంలో 'స్త్రీ' అన్న మాట ఎక్కడా లేదు. కానీ మన సమాజంలో పిల్లల కోసం, ముసలి అత్తమామల కోసం ఉద్యోగం మానేది ఎవరు?

కంప్యూటరుకి ఆడా మగా తేడా తెలియదనీ, మనిషికంటే అదే నయమనీ నమ్మే మిత్రులు మన సంఘాల్లోనూ ఉన్నారు. వాళ్ళు అమెజాన్ అనుభవం తెలుసుకోవాలి. దరఖాస్తులకి తనంతట తానే మార్కులు వేసే యంత్రాన్ని ఆ సంస్థ 2014 నుంచి తయారుచేసుకుంది. అంతకు ముందు పదేళ్ళలో వచ్చిన బయోడేటాలు దానికి పాఠాలయ్యాయి. అందులో అత్యధికం మగవాళ్ళవి. దాంతో అది మగవాళ్ళే తగినవాళ్ళని నేర్చుకుంది. 'మహిళల చెస్ క్లబ్ కెప్టెన్' వంటి చోట 'మహిళల' అన్న మాట కనపడితే మార్కులు తగ్గించింది. రెండు మహిళా కళాశాలల్లో చదివినవాళ్ళనీ తగ్గించింది. సరిదిద్దాలని చూసి, నమ్మకం కుదరక సంస్థ దాన్ని వదిలేసింది. 2018 అక్టోబరులో రాయిటర్స్ రాసేదాకా ఈ సంగతి లోకానికి తెలియదు. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో, కోఠి విమెన్స్ కాలేజీలోనో చదివిన మన పిల్లల బయోడేటాల మీద అలాంటి యంత్రం పనిచేస్తే ఏమవుతుంది? మగపిల్లలతో కలిసి చదవడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే పట్టుబట్టి మహిళా కాలేజీలో చేరిన పిల్ల, చదువు కోసం చేసిన ఆ పోరాటానికే మార్కులు పోగొట్టుకుంటుంది. పోగొట్టుకున్నట్టు ఆమెకి తెలియను కూడా తెలియదు.

ఒక్కోసారి ఇంటర్నెట్టే సాక్ష్యం మిగులుస్తుంది. తమిళనాడు శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి పెళ్ళయిన ఆడవాళ్ళని తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ బయటపెట్టింది. కార్మికులని సమకూర్చే ఏజెంట్లు పెళ్ళికాని స్త్రీలే కావాలని వాట్సాప్‌లో పంపిన ప్రకటనలు అందుకు ఆధారమయ్యాయి. కేంద్ర కార్మిక శాఖ 1976 నాటి సమాన వేతన చట్టాన్ని ప్రస్తావిస్తూ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. తర్వాత, ప్రకటనల్లో వయసు, లింగం, పెళ్ళి మాట ఎత్తవద్దని ఏజెంట్లకి ఆదేశాలు వెళ్ళాయని అదే ఏడాది నవంబరులో వార్త వచ్చింది. ప్రకటనలోంచి ఒక మాట తీసేసినంత మాత్రాన ఎంపికలోంచి పోయినట్టేనా? ఇదే కంపెనీ మన రంగారెడ్డి జిల్లా కొంగర కలాన్‌లో కూడా ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పనికి వెళ్తున్న ఆడపిల్లల ఊళ్ళలో పనిచేసే కార్యకర్తలు ఈ ప్రశ్న అడుగుతూ ఉండాలి.

ఇక ఉద్యోగం దొరికాక. ఎప్పుడూ ఎవరో చూస్తున్నారని తెలిసిన మనిషి మెల్లగా మారిపోతుంది. ఉద్యోగ ప్రయత్నం మొదలవగానే ఫోటోల్లోంచి నల్లపూసలు మాయమవుతాయి. ఇంటినుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మీటింగులో పిల్ల ఏడుపు వినపడకుండా మైకు నొక్కేసి ఉంచుతుంది, మాట్లాడవలసిన చోటా మాట్లాడదు, ఆమెకి చొరవ లేదని తర్వాత రాస్తారు. యాప్ ద్వారా ఇళ్ళకి వెళ్ళి పనిచేసే బ్యుటీషియన్ల సంగతి ఇంకా కఠినం. 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో అర్బన్ కంపెనీ ఆఫీసు ముందు వందకి పైగా స్త్రీలు ధర్నా చేశారు. డిసెంబరులో మళ్ళీ కూర్చుంటే కంపెనీ వాళ్ళమీద కోర్టులో దావా వేసింది. వాళ్ళ ఫిర్యాదుల్లో కమీషన్లతో పాటు రేటింగులూ ఉన్నాయి. ఎవరో తెలియని ఇంట్లో తలుపు మూశాక మగవాడు వెకిలిగా మాట్లాడితే ఆమె ఏం చెయ్యాలి? లేచి వచ్చేస్తే పని మధ్యలో వదిలేసినట్టు. గట్టిగా జవాబిస్తే చుక్కలు తగ్గుతాయి. చుక్కలు తగ్గితే ఐడీ బ్లాక్. నవ్వి ఊరుకోవడం ఆమె స్వభావం కాదు, ఆమెకి నేర్పిన పని. లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) ఇంటిని కూడా పనిస్థలంగానే గుర్తించింది. కానీ కంపెనీ ఆమెని ఉద్యోగి అనదు, 'పార్ట్‌నర్' అంటుంది.

ఆన్‌లైన్ వల్ల ఆడవాళ్ళకి మేలు జరగలేదని నేననడం లేదు. దళారీ కాళ్ళు పట్టుకోకుండా నల్లగొండలో కూర్చుని బెంగళూరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోగలగడం చిన్న సంగతి కాదు. నా అభ్యంతరం దరఖాస్తు సులువైనందుకు కాదు, తిరస్కారం కూడా అంత సులువైపోయినందుకు.

చట్టం ఈ మార్పుని అందుకోలేదు. 1976 చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా నియామకాల్లో లింగ వివక్ష కూడదనే అంటుంది. పెళ్ళి ఊసు అందులో లేదు. యజమాని ఎవరిని, ఎందుకు వడపోశాడో చెప్పాలనీ లేదు. 2023 డేటా రక్షణ చట్టం, మనం అందరికీ కనపడేలా పెట్టుకున్న సమాచారానికి తాను వర్తించనంటుంది. ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని యజమానికి వెసులుబాటూ ఇచ్చింది. వేరే దారులు లేకపోలేదు. నియామకాల్లో వాడే ఇలాంటి యంత్రాలని ఏటా బయటివాళ్ళ చేత తనిఖీ చేయించి, ఫలితం బయటపెట్టాలని న్యూయార్క్ నగరం 2023 జూలై నుంచి అమలు చేస్తోంది. కర్ణాటక 2025లో చేసిన గిగ్ కార్మికుల చట్టం, పని తీసేయాలంటే 14 రోజుల ముందు కారణం రాసివ్వాలంటుంది. ఆన్‌లైన్‌లో మనుషులని తీసుకునే ప్రతి సంస్థా ఎంతమంది స్త్రీలు దరఖాస్తు పెట్టారు, జల్లెడ దాటినవాళ్ళెందరు అన్న లెక్క భద్రపరచి కార్మిక శాఖకి చూపాలని మనం అడగాలి. వివక్ష లేదని రుజువు చేసే బాధ్యత యంత్రం ఎవరి చేతిలో ఉందో వాళ్ళదే కావాలి.

చట్టం వచ్చేలోగా మన ఆఫీసుల్లో చెయ్యగలిగినవి రెండున్నాయి. ధర్నాలో ముందు వరసలో నిలబడ్డ అమ్మాయి ఫోటో సంఘం పేజీలో పెట్టేముందు ఆమెని అడగాలి. ఉద్యోగం వెతుక్కుంటున్నదైతే మరీనూ. రెండోది, మన సహాయ కేంద్రాల ఫిర్యాదు ఫారంలో 'ఎవరు, ఏమన్నారు' అన్న గడి ఉంది. ఎవరూ ఏమీ అనని అన్యాయం అందులో పట్టదు. దాని కింద ఇంకో గడి చేర్చుకుందాం: ఏ సైటులో, ఏ తేదీన, ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది, ఎన్నేళ్ళ ఖాళీ ఉంది, జవాబు వచ్చిందా లేదా. స్క్రీన్‌షాట్లు ఉంటే జతచేద్దాం.