కొత్త కాలనీకి కాపురం మార్చేముందు



గత నెలలో ఒక సహోదరి మాకిలా వ్రాసారు: "ఊరి చివర కొత్తగా వెలసిన కాలనీలో మా వారికి ఒక ఇల్లు నచ్చింది. ధర మాకు అందుబాటులోనే ఉంది. ఇల్లు కూడ బాగానే ఉంది. కాని నా మనసు ఒప్పుకోవడం లేదు. కారణమేమిటని అడిగితే చెప్పలేకపోతున్నాను. తెలియని ప్రాంతం మా కుటుంబానికి తగినదో కాదో ఎలా తెలుసుకోవాలి?"

ఈ ఉత్తరం చదివినప్పుడు మా ఇద్దరికీ మా సంగతే గుర్తుకు వచ్చింది. ఈ విషయంలో మేము తెలివిగా నడుచుకున్నామని చెప్పుకోలేము. ఒక పొరపాటు చేసి, పాతిక వేలు పోగొట్టుకుని నేర్చుకున్నాము. ఆ పాఠాన్ని మీతో పంచుకుంటాము.

హైదరాబాదులో సీతాఫల్‌మండి దగ్గర పద్నాలుగేళ్ళు అద్దెకు ఉన్నాము. 2021 జనవరిలో ఇంటివారు తమ కుమారుని కోసం ఇల్లు ఖాళీ చేయమన్నారు. అప్పటికి మా అబ్బాయి తొమ్మిదో తరగతి, అమ్మాయి ఐదో తరగతి. మాలో ఒకరికి సికింద్రాబాదులో ఉద్యోగం, మరొకరికి తార్నాకలో బడి. డెబ్బై నాలుగేళ్ళ అమ్మ మాతోనే ఉంటారు. పట్నం లోపల ఇల్లు కొనే స్తోమత మాకు లేదు. అందువల్ల ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు వైపు చూడసాగాము.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక బ్రోకరు తన కారులో మమ్మల్ని తీసుకువెళ్ళాడు. నూట యాభై గజాల స్థలంలో రెండు పడకగదుల ఇల్లు. వెడల్పాటి వీధి. వాకిట్లో జామచెట్టు. కారుల మోతలేదు, పొగలేదు. పద్నాలుగేళ్ళు ఇరుకు వాటాలో గడిపిన మాకు అది చూడగానే ప్రాణం లేచివచ్చింది. "బస్టాపు అయిదు నిమిషాలే సార్" అన్నాడు బ్రోకరు. పిల్లలు అప్పుడే ఏ గది ఎవరిదో పంచుకున్నారు. అమ్మ మాత్రం గేటు దగ్గర నిలబడి వీధి ఆ చివరి నుండి ఈ చివరి వరకు చూసి, "ఇల్లు బాగుందిరా. మనుషులేరీ?" అన్నారు. మేము నవ్వి ఊరుకున్నాము. అక్కడికక్కడే పాతిక వేలు బయానా ఇచ్చి వచ్చాము.

మర్నాడు సోమవారం, ఎందుకో అనుమానం కలిగి, ఉదయం ఏడున్నరకు మళ్ళీ వెళ్ళాము. ఈసారి కారు లేదు. ఆ గేటు నుండి బస్టాపు వరకు పిల్లల పుస్తకాల సంచులు భుజాన వేసుకుని నడిచి చూసాము. బ్రోకరు చెప్పిన అయిదు నిమిషాలు కారు లెక్క. కాలినడకన ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. దారిలో నీడ లేదు, కుక్కల గుంపు మాత్రం ఉంది. బస్సు ఎక్కాక ఉప్పల్ చౌరస్తా దాటడానికి పట్టిన సమయం చెబితే, ఆ దారిన తిరిగేవారు ఎవరూ ఆశ్చర్యపడరు. "ఫ్లైఓవరు వచ్చేస్తోంది, ఇంకేమిటి కష్టం?" అని కూడ బ్రోకరు చెప్పాడు. ఉప్పల్ నుండి నారపల్లి వైపు ఆ వంతెన పనులు 2018లో మొదలయ్యాయి. 2024 వచ్చినా అది పూర్తి కాలేదు. రాబోయే రోడ్డు మీద ఈ రోజు పిల్లలను బడికి పంపలేము కదా!

తిరిగి వస్తూ మూలనున్న కిరాణా కొట్టులో ఆగి, ఒక సబ్బు కొని మాటలు కలిపాము. ఆ కొట్టాయన మా ముఖాలు చూసి, ఎదురింటి ప్రహరీ గోడ చూపించాడు. గోడ మీద మా నడుమెత్తున మట్టిచార ఒకటి అడ్డంగా ఉంది. "ఆ గీత చూసిన్రా సార్? మొన్న అక్టోబర్ల నీళ్ళు ఆడిదాక వచ్చినయ్. ఇది మునుపు కుంట. మా నాయిన గీడనే చేపలు పట్టిండు" అన్నాడు.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదులో కురిసిన వాన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఆ నీరు కొత్తగా ఎక్కడికో పోలేదు. పూర్వం తాను నిలిచిన చోటుకే వెదుక్కుంటూ వచ్చింది. ఈ పట్నం చెరువులు, కుంటల పట్నం. మాసాబ్ ట్యాంకు అనే పేరు మిగిలింది గాని అక్కడ చెరువు లేదు. చాలా కాలనీల పేర్లలో కుంట అనే మాట ఇంకా దాగి ఉంది. పేరు మార్చినంత మాత్రాన పల్లం మెరక కాదు.

ఆ రాత్రి మా ఇంట్లో గొడవ జరిగిందని దాచడమెందుకు? ఒకరు వద్దన్నారు. మరొకరు "పాతిక వేలు పోతాయి, అంత వాన ప్రతి ఏడూ వస్తుందా?" అన్నారు. నిజానికి మమ్మల్ని లాగుతున్నది ఆ ఇల్లు కాదు, అప్పటికే ఇచ్చేసిన డబ్బు. పాతిక వేలు దక్కించుకోవడానికి జీవితకాలపు కూడిక అంతా కుంటలో పోయబోయాము. మూడు రోజులు మాట్లాడుకుని, వద్దని నిశ్చయించాము. బయానా తిరిగి రాలేదు. దానిని బడి ఫీజు అనుకున్నాము.

లోతు కన్నులెత్తి చూసి, నీళ్ళు పారే పచ్చని మైదానాన్ని ఏరుకున్నాడని మనమందరం చదివాము. అక్కడి మనుషులు ఎటువంటివారో విచారించినట్లు మాత్రం వ్రాయబడలేదు. మేము చేసినదీ అదే.

రెండవసారి వెదికేటప్పుడు మేము పద్ధతి మార్చాము. ఇంటిని చూడడం చివరికి పెట్టి, ముందు వీధిని చూసాము. ఒక కాగితం మీద ఇంట్లోని అయిదుగురి పేర్లు వ్రాసి, ఒక్కొక్కరి రోజు అక్కడ ఎలా గడుస్తుందో ప్రతి పేరు ప్రక్కన వ్రాసుకున్నాము. ఉద్యోగాలకు వెళ్ళేవారు రాత్రికి మాత్రమే ఆ కాలనీవారు. పిల్లలు సాయంత్రాలలో అక్కడివారు. తెల్లవారింది మొదలు చీకటి పడేవరకు అక్కడే ఉండవలసిన వ్యక్తి అమ్మ ఒక్కరే. అయితే మొదటి ఇంటి విషయంలో ఆమె మాటే మేము వినలేదు.

కొనే తొందర కూడ మానుకున్నాము. బోడుప్పల్ వైపు ఒక పాత కాలనీలో పదకొండు నెలల ఒప్పందం మీద చిన్న వాటా అద్దెకు తీసుకున్నాము. వీధి ఇరుకు. ఇల్లు మొదటిదానిలో సగం. కాని ఉదయం పదింటికి తోపుడుబండి కూరగాయలవాడు వస్తే నాలుగిళ్ళ ఆడవారు అక్కడే నిలబడి అరగంట మాట్లాడుకుంటారు. వారం తిరగకుండానే అమ్మ కూడ ఆ బండి దగ్గర అయిదవ మనిషి అయ్యారు.

అంతా సుఖమే అనుకోకండి. మొదటి వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకరు కోసం పడిగాపులు కాసాము. దోమలు విపరీతం. పాత స్నేహితులు దూరమై మా అబ్బాయి రెండు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా మందిరానికి రెండు బస్సులు మారి వెళ్ళవలసి వచ్చింది. కాని ఒక వేసవిని, ఒక వానాకాలాన్ని అక్కడే గడిపి చూసాము కాబట్టి, ఏ కష్టం ఓర్చుకోదగినదో, ఏది కాదో మాకు తెలిసింది. వానాకాలంలో నీళ్ళు వీధిలో మోకాలెత్తు కూడ నిలువలేదు. అదే వీధిలో 2022 ఆరంభంలో ఒక పాత ఇల్లు అమ్మకానికి వస్తే కొన్నాము.

ఆ ఏడు జూలైలో ఒకనాడు మధ్యాహ్నం అమ్మ స్నానాలగదిలో జారిపడ్డారు. ఇంట్లో ఎవరూ లేరు. ఆమె కేక విని ప్రక్కింటావిడ పరుగెత్తుకొని వచ్చి, ఎదురింటి అబ్బాయిని పిలిచి, ఇద్దరూ కలిసి ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. మేము వెళ్ళేసరికి తుంటికి ఎక్స్‌రే కూడ తీయించి ఉంచారు. అమ్మ చేతిని పట్టుకుని కూర్చున్న ఆ తల్లి మన విశ్వాసంలో ఉన్నవారు కారు. ఇల్లు వెదికేటప్పుడు "అక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?" అని మేము అందరినీ అడిగేవాళ్ళం. ఆ రోజు తరువాత ఆ ప్రశ్న అడగడం మానేసాము. జామచెట్టు ఉన్న ఆ వెడల్పాటి వీధిలో అమ్మ కేక వేసి ఉంటే ఎవరు వినేవారా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాము.

కాబట్టి సహోదరీ, మీ మనసు ఎందుకు ఒప్పుకోవడం లేదో తెలుసుకోవడానికి ఈ కొన్ని పనులు చేయండి.

మొదటిది, ఆ కాలనీని ఆదివారం మధ్యాహ్నం చూడవద్దు. పనిదినాన ఉదయం బడివేళకు, సాయంత్రం చీకటి పడ్డాక, వీలైతే పెద్ద వాన వెలిసిన మర్నాడు చూడండి. కారులో కాక, మీరు రోజూ వెళ్ళే విధంగానే వెళ్ళండి.

రెండవది, అమ్మేవారిని గాక అక్కడ ఉండేవారిని అడగండి. కిరాణా కొట్టు, ఇస్త్రీబండి, ఆటోస్టాండు మంచి చోట్లు. "2020లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయి? మే నెలలో నీళ్ళు ఎక్కడి నుండి తెచ్చుకుంటారు? ముందు ఈ స్థలంలో ఏముండేది?" ఈ మూడు ప్రశ్నలు చాలు.

మూడవది, కాగితాలు చూడండి. లేఅవుట్ అనుమతి, రిజిస్ట్రేషను ఆఫీసులో ఈ.సి. తప్పనిసరి. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు లోపల, దానిని ఆనుకుని విడువవలసిన జాగాలో ఇల్లు కట్టడానికి అనుమతి ఉండదు. ఆ హద్దుల పటాలను హెచ్.ఎం.డి.ఏ. వారు అందరికీ అందుబాటులో ఉంచారు. కొత్తగా కట్టే అపార్టుమెంటు అయితే, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా, 2016 నాటి రెరా చట్టం క్రింద నమోదు అయి ఉండాలి. ఇవన్నీ చూసేవరకు బయానా ఇవ్వవద్దు.

నాలుగవది, వీలున్నవారు ముందు అద్దెకు ఉండి చూడండి. సామాను రెండుసార్లు మోయవలసి వస్తుంది, నిజమే. తప్పు ఇల్లు కొనడం కన్నా అది చౌక.

చివరిది, మీ ఇంట్లో పగలంతా ఆ వీధిలో ఉండబోయే వ్యక్తి ఎవరో గుర్తించి, ముందుగా వారినే అడగండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, సహోదరీ, ఆ వ్యక్తి మీరేనేమో అనిపిస్తున్నది. అలాగైతే మీ మనసులోని బెంగను పిరికితనం అనుకోకండి. మీ వారితో కలిసి ఒక పనిదినం సెలవు పెట్టి, ఉదయం నుండి సాయంత్రం వరకు ఆ వీధిలో గడిపి రండి. ఎవరైనా "ఎవరింటికమ్మా?" అని మిమ్మల్ని పలకరించారా లేదా గమనించండి. ఆ తరువాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఏ నిర్ణయం తీసుకున్నారో మాకు తప్పక వ్రాయండి. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాము.