జాతి కుక్కయా? సంకరమా?

మోకాటి నొప్పికి మందు తీసికొనుటకై చిరకాలముగా నా వద్దకు వచ్చుచున్న ఒక పెద్దమనిషి, గత వేసవిలో మాటల సందర్భమున తమ ఇంటి కుక్కపిల్లను ఎవరి తోటలోనైనను విడిచిపెట్టదలచినట్లు చెప్పిరి. అది చేసిన అపరాధమేమని అడిగితిని. లాబ్రడార్ అని నమ్మి ఇరువది వేలకు కొన్నారట. పశువైద్యుడు చూచి, ఇది క్రాసింగు కుక్క అన్నాడట. చక్కగా తినుచున్నది, ఆడుచున్నది, పిల్లలు దానిని క్షణము విడువరు. అయినను, “జాతి కాదు గదండీ, రేపు రోగాలు వస్తేనో?” అని ఆయన బాధ.

జాతి యనునది ప్రధానముగా పుస్తకములోని నమోదు. లండనులో కెన్నెల్ క్లబ్బు 1873లో ఏర్పడినది. వంశపత్రమున తాతముత్తాతల పేర్లుండును. వాటి ఆరోగ్యము ఉండవలెనను నియమము లేదు. పుస్తకములోనివాటికి పుస్తకములోనివాటితోనే సంతానము కలిగించుచు పోగా దగ్గరి రక్తము కలియక తప్పదు. చరకసంహితలో శారీరస్థానపు రెండవ అధ్యాయమునకు అతుల్యగోత్రీయమని పేరు. పెండ్లి సంబంధములలో సగోత్రమని వినగానే లేచివచ్చు మనము, కుక్క దగ్గర మాత్రము సగోత్రమునకే అధిక మూల్యము చెల్లించుచున్నాము! తల్లీకొడుకులకు, తోబుట్టువులకు పుట్టిన పిల్లలను నమోదు చేయుట ఆ లండను క్లబ్బు మానినది 2009లో మాత్రమే.

తెల్లని మేనిపై నల్లచుక్కలు గల డాల్మేషియన్ కుక్కల సంగతి వినుడు. శుద్ధజాతి డాల్మేషియన్లన్నింటికిని మూత్రమున యూరిక్ ఆమ్లము అధికము. అందుచే వాటిలో మగవాటికి అశ్మరీరోగము, అనగా మూత్రాశయమున రాళ్లు, తరచుగా కలుగును. 1973లో అమెరికాలో ఒక జన్యుశాస్త్రజ్ఞుడు పాయింటర్ జాతితో ఒక్కమారు సంకరము చేయించి, పిమ్మట ఆ సంతతిని డాల్మేషియన్లతోనే కలుపుచు వచ్చెను. చుక్కలు నిలిచినవి, దోషము తొలగినది. అయినను శుద్ధి చెడినదను వాదము ముప్పది ఏండ్లకు పైగా సాగి, అక్కడి క్లబ్బు 2011లో గాని ఆ సంతతికి పూర్తిగా చోటీయలేదు. రాళ్లకన్న మైల పెద్దదైనది కాబోలు!

అట్లని సంకరమునకు రోగమే రాదనుటయు భ్రమయే. 2013లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశీలనలో ఇరువదినాలుగు వంశపారంపర్య వ్యాధులలో పది శుద్ధజాతులకు అధికము. పదమూడింట భేదము లేదు. మోకాటి స్నాయువు తెగుట ఒక్కటి సంకరములకే అధికము. పూడిల్‌తో కలిపిన ఖరీదైన సంకరములను లండనులోని రాయల్ వెటర్నరీ కళాశాలవారు 2024లో తల్లిదండ్రుల జాతులతో పోల్చగా, అధికభాగము రోగములలో తేడా కానరాలేదు. కనుక అడుగవలసినది తల్లిదండ్రుల ఆరోగ్యమును. చూడవలసినది పిల్ల శ్వాసను, నడకను. ముక్కు అణగిన పగ్ శుద్ధజాతియే, మన రోహిణికార్తె ఎండలో దాని అవస్థ చూడలేము.

అన్నింటికన్న ప్రమాదకరమైన భ్రమ మరొకటి కలదు. “ఊరకుక్క కాదు, మంచి జాతిది కరచినది, సూది యెందులకు?” అని నన్నడిగినవారున్నారు. రేబిస్‌కు జాతిభేదము లేదు. ఏ కుక్క కరచినను గాయమును సబ్బునీటితో పావుగంట కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా తీసికొనవలెను. కారము, పసుపు, ఆకుపసరు పెట్టరాదు. మూలికలతో నలుబది ఏండ్లు వైద్యము చేసిన నేనే ఈ మాట చెప్పుచున్నాను.

ఆ పెద్దమనిషికిని ఇదియే చెప్పి, పిల్లకు టీకాలు వేయించితిరా అని అడిగితిని. జాతి కాదని తెలిసిన పిమ్మట మానివేసినారట. ఆ సాయంకాలమే వేయించిరి.