ఏది క్రీస్తు మతము?

1832 ఆగస్టులో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున జరిగిన మెథడిస్టుల సభలో టామస్ ఆల్డ్ అను యజమాని మారుమనస్సు పొందెను. ఆయన బానిసయైన ఫ్రెడరిక్ డగ్లస్ అను బాలుడు దొర తమను విడిచిపెట్టునేమో, కాదేని కొంత దయయైనను చూపునేమో యని ఆశపడెను.

జరిగినది వేరు. ఇంట ముప్పూటల ప్రార్థనలు, బోధకులకు విందులు. బానిసలకు మాత్రము అర్ధాకలి. అవిటిదైన ఒక దాసిని కట్టివేసి కొరడాతో కొట్టుచు, అందుకు సమర్థనగా ఆ దొర లేఖన వాక్యమును వల్లించెడివాడు.

ఉపాధ్యాయులమైన మనకు ఇంతకంటెను మనసున నాటవలసిన ఉదంతము మరియొకటి కలదు. బానిసలకు క్రొత్త నిబంధన చదువ నేర్పుటకు ఒక తెల్ల యువకుడు ఆదివారపు బడి నెలకొల్పగా డగ్లస్ తోడ్పడెను. ఆ బడి ముమ్మారు మాత్రమే కూడినది. అంతలో సంఘనాయకులే కర్రలు పట్టి వచ్చి దానిని చెదరగొట్టిరి! తాము దైవవాక్యమని కొలుచు గ్రంథమును ఇతరులు చదువుటకు వీరికేల భయము? చదివినవాడు అర్థమడుగును గదా!

1845లో వెలువడిన ఆత్మకథ చివర డగ్లస్ ఒక అనుబంధము చేర్చెను. తాను నిందించినది బానిసల యజమానుల మతమునేగాని క్రీస్తు మతమును గాదనియు, ఆ రెంటికిని పొత్తు కుదరదనియు అందు స్పష్టపరచెను. వేషధారిని తప్పుపట్టినవానిని మతద్రోహి యనువారు నాడును గలరు, నేడును గలరు. అట్టివారికే ఈ వివరణ కాబోలు.

అయితే అది వ్రాయుటకు చాలముందే ఆయన విశ్వాసము చేతలలో కనబడినది. పిమ్మట వేరొక యజమానియొద్ద నున్నప్పుడు, స్వతంత్రుడైన ఒక నల్లజాతీయుని ఇంట ఆయన మరల ఆదివారపు బడి రహస్యముగా నడపెను. నలువదిమందికి పైగా విద్యార్థులు వచ్చిరి. పట్టుబడినచో ఒక్కొక్కరికి 39 కొరడా దెబ్బలు.