టోక్యోలో ఆకురాలు కాలం



టోక్యో మీద సంచిక అనగానే అందరూ సాకురా పూలే ఆశిస్తారు. ఆ పూల టోక్యో వచ్చి చూసి వెళ్ళేవాళ్ళ ఊరు. అక్కడ కాపురముంటున్న తెలుగువాళ్ళ ఊరు చూడాలంటే నవంబరే సరైన నెల అనిపించింది మాకు. దసరా, దీపావళి హడావుడి సద్దుమణిగి ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది.

2000 ప్రాంతం నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన భారతీయులు ఎదొగావా వార్డులోని నిషికసాయిలో ఎక్కువగా చేరారు. అందుకే అక్కడ కందిపప్పుకీ, కారానికీ వెతుక్కోనక్కర్లేదు. శనివారం సరుకులు తెచ్చుకుని, ఆదివారం షింజుకులో కేయియో రైలెక్కితే గంటలోపే టకావో కొండ. ఎత్తు 599 మీటర్లే, పిల్లలూ ఎక్కేస్తారు. పైన మన డబ్బాలో పులిహోర, పక్క బెంచీ మీద జపాను బామ్మల ఒనిగిరి అన్నం ముద్దలు. ఇక మెయిజీ గాయిఎన్ గింకో చెట్ల బాటంతా పసుపు పారబోసినట్టుంటుంది. కాలికింద నలిగిన పండ్ల కంపు మాత్రం ఫొటోల్లో పడదు లెండి!

ఇంటిబెంగ గురించి రాయొద్దని మేమెవరికీ చెప్పలేదు. అయినా ఈ సంచికకు వచ్చిన రచనల్లో అది తక్కువే. చెత్త ఏ రోజు వెయ్యాలి, కాల్చిన చిలగడదుంపలమ్మే బండి పాట పెట్టుకుంటూ ఏ సందులోకి వస్తుంది, ఇలాంటివే ఎక్కువ. ఊరు అలవాటైనవాళ్ళు రాసే సంగతులివి. మాకు నచ్చిందీ అదే.

మీరు ఏ నగరంలో ఉన్నా, అక్కడ మీ ఆదివారం ఎలా గడుస్తుందో రెండు పేజీల్లో రాసి పంపండి. చూడదగ్గ స్థలాల పట్టిక వద్దు, మీరెక్కే బస్సు నంబరు చెప్పండి.