క్రియ కనబడని పంక్తి

కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలమునందలి రైతొకడు, పంట బీమా సొమ్ము వచ్చినదో లేదో తెలిసికొనగోరి ఫోను చూచినప్పుడు, ఊరి పేరు, సర్వే నంబరు, మొత్తము వరుసగా కనబడి, ‘మీ ఖాతాలో జమ’ అన్నంతవఱకు వచ్చి, అటుపై మూడు చుక్కలతో పంక్తి ముగిసినచో, సొమ్ము జమ అయినదని తలంపవలయునా, జమ కాలేదని తలంపవలయునా? తెలుగు వాక్యమునకు క్రియ తుదిని నుండును. అవుననుటయు కాదనుటయు ఆ కడపటి పదముననే తేలును. కావున మన వాక్యమును చివర కోయుట దాని ప్రాణమును కోయుటయే.

ఇందులకు కారణము స్వల్పము. ఐఫోనులో యూఐలేబుల్ అను సాధనము, వేఱుగా చెప్పనిచో, ఒక్క పంక్తినే చూపును. పంక్తుల సంఖ్యను సున్నగా నిర్ణయించి, ఎత్తు పెరుగుటకు చోటిచ్చినచో వాక్యమంతయు కనబడును. ఆండ్రాయిడున వాక్యములను భద్రపఱచు ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఎంటర్ నొక్కి ఎన్ని పంక్తులుగా వ్రాసినను ఆ విఱుపులు ఒక్కొక్క ఖాళీగా కుదించుకొనిపోవును. నిజముగా విఱుగవలెనన్న బ్యాక్‌స్లాష్‌ను, దాని వెంట ‘ఎన్’ అక్షరమును వాక్యముననే చేర్పవలయును.

వీరపునాయునిపల్లె మండలమునకు దాపుననున్న కలమళ్లలో లభించిన ధనంజయుని శాసనము, క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించినది, తెలుగు శాసనములలో ప్రాచీనతమముగా ప్రసిద్ధము. అందు రాజు పేరును రేనాటి పేరును పంక్తి చివర తెగి మఱుపంక్తిలో కొనసాగినవి. రాతి వెడల్పు మారదు. చెక్కినవానికి గత్యంతరము లేదు. ఐనను చోటు చాలదని అతడు శేషమును విడిచిపెట్టలేదు. వలసినంత పొడవునకు పెరుగగల తెరమీద మనము విడిచిపెట్టుచున్నాము!

కోయుటలో మఱియొక చిక్కు కలదు. వీరపునాయునిపల్లె అను పేరు కంటికి 8 అక్షరములు. యూనికోడున 16 సంకేతములు. అక్షరమేదో సంకేతమేదో యెఱుగని ఇంజనీరు 14వ సంకేతము కడ కోయించెనా, ద్విత్వము చీలి ‘వీరపునాయునిపల్’ మిగులును.

పంక్తి విఱుపు తెలుగున వాక్యము వ్రాయువాని అధీనమున నుండవలెనని నా నిశ్చయము. అతడైనను దానిని పొదుపుగా వాడవలయును. ఊరు, తేది, మొత్తము, ఫలితము, వీని నడుమ విఱుపు న్యాయమే. వాక్యమధ్యమున మాత్రము కూడదు. చూపు మందగించిన పెద్దలు అక్షరములను పెద్దవి చేసికొనినంతనే ఆ విఱుపు ఒంటి పదములను పంక్తికొకటిగా వ్రేలాడదీయును. అచ్చట చోటునుబట్టి వాక్యము తానే మడుచుకొనవలయును. అట్లే వాక్యమున పేరు, సొమ్ము వచ్చి చేరు స్థానములకు వరుస సంఖ్యలిచ్చినచో రచయిత వానిని తెలుగు క్రమమున అమర్చుకొనగలడు. ఆంగ్లమునకు కుదిరిన ముక్కలను కోడులోనే అతికించి యిచ్చినచో అతడేమి చేయగలడు?

2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ మొదలుగా ప్రభుత్వ కార్యములెన్నో ఫోనులోనికి వచ్చినవి. ఇకమీదట ఏ యాప్‌నైనను ప్రజలకిచ్చుటకు ముందు, చౌక ఫోనున, అక్షరములను మిక్కిలి పెద్దవి చేసి, జిల్లాలోని పొడవైన ఊరిపేర్లనే వేసి, ప్రతి వాక్యపు క్రియయు కనబడువఱకు పరీక్షింపవలెనని టెండరు షరతులలో చేర్పవలసినదిగా అధికారులను కోరుచున్నాను.